అమ్మకు పడని మందు

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి, ఇందిరాపురంలోని మా ఫ్లాటు బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తుంటే మా మేనకోడలు ఫోన్ చేసింది. అది ముఖర్జీ నగర్‌లో పీజీ గదిలో ఉండి సివిల్స్‌కి చదువుతోంది. తెలుగు బాగానే అర్థమవుతుంది గాని నోరు తెరిస్తే హిందీయే వస్తుంది. గొంతు వాచి మింగుడు పడక డాక్టరు దగ్గరికి వెళ్ళిందట. ఆయన మందు రాయబోతూ పెన్ను ఆపి, పెన్సిలిన్ పడనివాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడిగాడట. "బువా, దాదీ కో థా నా? తో ముఝే భీ హోగా క్యా?" అంది. నాయనమ్మకు ఉండేది కదా, అయితే నాకూ ఉంటుందా అని. వాళ్ళ నాన్న, అంటే మా తమ్ముడు, మీటింగులో ఉండి ఫోన్ ఎత్తకపోవడంతో ఆ ప్రశ్న నా దాకా వచ్చింది. "నాయనమ్మకు ఉండేది నిజమే. నాకు లేదు, మీ నాన్నకూ లేదు. ఇదే మాట డాక్టరుకి చెప్పు, ఆయన చూసుకుంటాడు" అన్నాను. "ఠీక్ హై" అని పెట్టేసింది. దానికి అది అరనిమిషం పని. మా ఇంట్లో ఆ జవాబు తేలడానికి ఎంతకాలం పట్టిందో, ఈలోగా ఏమేమి జరిగాయో దానికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కానీ బట్టలు మడతపెడుతూ కూర్చుంటే అవన్నీ నాకు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలుపెట్టాయి.

మా అమ్మ ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. రేపల్లె దగ్గర పల్లెలో పుట్టి, మిషన్ ఆసుపత్రిలో ట్రైనింగు అయి, తనతోపాటు చదివిన ఇంకో ఇద్దరమ్మాయిలతో రైలెక్కి వచ్చింది. మిగతా ఇద్దరూ చలికి తట్టుకోలేక మొదటి జనవరిలోనే వెనక్కి వెళ్ళిపోయారు. అమ్మ మాత్రం సరోజినీ నగర్ మార్కెట్లో ఒక మగాళ్ళ స్వెట్టర్ కొనుక్కుని యూనిఫారం లోపల వేసుకుని ఉండిపోయింది. క్వార్టరు అమ్మ పేరు మీదే ఉండేది. రెండు గదులు, వంటిల్లు, వెనక ఇనుప కటకటాల వరండా. వేసవిలో ఆ వరండాకి తడి గోనెపట్టాలు కట్టేవాళ్ళం. చలికాలంలో ఆ పట్టాలే కాళ్ళ కింద పరుచుకునేవాళ్ళం. మార్కెట్ నడిచిపోయే దూరం కాబట్టి మా బట్టలన్నీ అక్కడివే. ఏదో ఒక లోపం ఉండి విదేశాలకి పోకుండా మిగిలిపోయినవి. ఒక చొక్కాకి ఒక చెయ్యి పొడుగు, ఒక ఫ్రాకుకి జేబు కుట్టి నోరు తెరవడం మరిచిపోయి ఉంటుంది. మా తమ్ముడు ఆ వయసులో లోకంలో బట్టలన్నీ అలాగే పుడతాయనుకునేవాడు. నాన్న ఒక స్కూల్లో డ్రిల్లు మాస్టారు. పొద్దున్నే తెల్ల కాన్వాసు బూట్లు, మెళ్ళో ఈల వేసుకుని సైకిలెక్కి వెళ్ళేవారు. మైదానంలో ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపించేదని చెప్పేవారు గాని, ఇంట్లో ఆ గొంతు మేమెప్పుడూ వినలేదు. ఇంట్లో ఈల అమ్మ చేతిలో ఉండేదని మా బంధువులు నవ్వేవారు.

ఇక ఈ పడకపోవడం సంగతి. అది అమ్మతో మొదలైందని నా మేనకోడలు అనుకుంటోంది. మా అమ్మమ్మ లెక్క ప్రకారం అది అంతకు ముందే మొదలైంది. అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు తాతయ్యకి కాలిలో ఏదో దిగి, పుండు పడి, జ్వరం వచ్చిందట. ఊరికి అప్పుడప్పుడూ వచ్చే కంపౌండరు ఒకాయన సూది వేశాడట. సూది వేసి ఆయన సైకిలు ఎక్కాడో లేదో, తాతయ్య గుండె పట్టుకుని, ఊపిరందక, మంచంలోనే పోయారట. అది ఏ మందో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాళ్ళు లేరు, కంపౌండరు మళ్ళీ ఆ ఊరి వైపు రాలేదు. అప్పటినుంచి అమ్మమ్మ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ "మన వంశానికి సూది పడదు" అని చెప్పేది. వంశం ఆమెది కాదు, తాతయ్యది. కానీ పెళ్ళితో ఆమెకి అదీ అంటుకుందని ఆమె నమ్మకం. ఒకసారి టీకాలవాళ్ళు వస్తే గడ్డివాము వెనక దాక్కుందని మా పెద్దమామయ్య చెప్పేవాడు. అలాంటి ఇంట్లో అమ్మ నర్సు ట్రైనింగుకి వెళ్తానంటే అమ్మమ్మ అన్నం మానేసింది. చాలాకాలం మాట్లాడలేదు కూడా. మొదటి సెలవులకి అమ్మ తెల్ల యూనిఫారంలో ఊళ్ళో దిగితే, అమ్మమ్మ ఆమెని అరుగు మీద నిలబెట్టి, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళందరినీ పిలిచి చూపించిందట. సూది పడని వంశంలో సూదులేసే పిల్ల పుట్టిందని, అదేదో దేవుడు చేసిన సర్దుబాటులాగా చెప్పుకుంది.

మా చిన్నతనంలో అమ్మకి చాలా ఏళ్ళు ఇంజెక్షన్ల గదిలోనే డ్యూటీ. పొద్దున్నే బయట వరస కట్టి నిలబడేవారు జనం. ఆ రోజుల్లో పెన్సిలిన్ చిన్న గాజుసీసాలో తెల్లటి పొడిగా వచ్చేది. అందులో నీళ్ళు ఎక్కించి, అరచేతుల మధ్య పెట్టి కవ్వంలాగా తిప్పి, సిరంజిలోకి లాగి, గాలి పోవడానికి సూదిని పైకెత్తి కొంచెం చిమ్మాలి. ఆ చిమ్మినది ఎక్కడ పడుతోందని ఎవరూ పట్టించుకునేవారు కాదు. చేతులకి తొడుగులు ఆపరేషన్ గదిలోనే. ఒక చలికాలం అమ్మ వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. ముందు బట్టల సబ్బు అనుకుంది, సబ్బు మార్చింది. తరవాత ఢిల్లీ నీళ్ళనుకుంది, నీళ్ళు మార్చడం కుదరదు కాబట్టి కొబ్బరినూనె రాసుకుంది. చర్మం పగిలి, సోమవారం నుంచి శనివారం దాకా ఎర్రగా ఉండి, ఆదివారం చర్చిలో కొంచెం నెమ్మదించేది. అప్పుడప్పుడూ కళ్ళ రెప్పలు ఉబ్బేవి. "ఏడ్చావా?" అని నాన్న అడిగేవారు. "నాకంత తీరిక ఎక్కడుంది?" అనేది అమ్మ. ఆమె ఒంటికి డెట్టాల్ వాసనా కొబ్బరినూనె వాసనా కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఆ రెండూ కలిసి తగిలితే వెనక్కి తిరిగి చూస్తాను.

ఆ ఏడాదే అమ్మకి గొంతునొప్పితో పెద్ద జ్వరం వచ్చింది. డ్యూటీలోనే ఉంది. అక్కడున్న డాక్టరు ఒక పెన్సిలిన్ వేసుకోమన్నాడు. రోజూ వందమందికి వేసే మందు కదా, ఎవరికీ రెండో ఆలోచన రాలేదు. మా కింది క్వార్టరులో ఉండే మలయాళీ ఆంటీ అమ్మకి ఒకే గదిలో తోటి నర్సు. ఆవిడే వేసింది. సూది వేసిన చోట దూది ఇంకా అదిమి పట్టుకుని ఉండగానే అమ్మకి చెవుల్లో హోరు పుట్టి, పెదాలు దళసరెక్కి, గోడలు వంగినట్టయిందట. నేలమీద పడకుండా ఆంటీ రెండు చేతులతో పట్టుకుని అరిచింది. పడిపోయింది ఆసుపత్రిలోనే కాబట్టి, విరుగుడు మందు పక్క ట్రేలోనే ఉంది కాబట్టి బతికింది. సాయంత్రం నాన్న మమ్మల్ని చూపించడానికి తీసుకెళ్ళారు. మంచం మీద ఉన్న ముఖం అంతా వాచి, కళ్ళు రెండు గీతల్లా ఉండేసరికి తమ్ముడు గుర్తుపట్టక నాన్న కాళ్ళ వెనక దాక్కున్నాడు. "నేనేరా నాన్నా" అంది అమ్మ. గొంతు కూడా ఆమెది కాదు. వాడు ఇంకా గట్టిగా నాన్న ప్యాంటు పట్టుకున్నాడు.

ఆ తరవాత అమ్మ డ్యూటీని కళ్ళ వార్డుకి మార్చారు. చేతులు నెమ్మదిగా మామూలయ్యాయి. ఉత్తరాల్లో ఈ సంగతి తెలిసి అమ్మమ్మ ఏడ్చింది, కొంచెం గర్వపడింది కూడా. తను చెప్పింది నిజమైంది కదా. అమ్మ మాత్రం తర్వాత కొన్నాళ్ళ పాటు కనిపించిన ప్రతివాళ్ళకీ ఈ విషయం చెప్పింది. మా క్లాసు టీచర్లకి చెప్పింది, పాస్టరు గారి భార్యకి చెప్పింది, మెట్లు ఊడ్చడానికి వచ్చే దీదీకి చెప్పింది. మొదట్లో "నాకు పెన్సిలిన్ పడదు" అని చెప్పేది. ఎప్పుడు మారిందో తెలియదు గాని, కొంతకాలానికి అది "మా ఇంట్లో పెన్సిలిన్ పడదు" అయింది. ఆ మార్పు మాలో ఎవరం గమనించలేదు. నేను కూడా స్కూల్లో ఎవరో అడిగితే అలాగే చెప్పాను. మాకు మిగతా పిల్లలకి లేనిది ఒకటి ఉందన్న కొద్దిపాటి గొప్ప కూడా అందులో ఉండేది.

తమ్ముడు బక్కగా ఉండేవాడు గాని పరుగులో గాలి. నాన్న స్కూలు పెద్దపిల్లలతో వాడిని పరిగెత్తించి, చేతి గడియారం చూసుకుని, ఏమీ అనకుండా ఈల జేబులో వేసుకునేవారు. ఆయన ఏమీ అనలేదంటే బాగా సంతోషించారని అర్థం. వాడికి తొమ్మిదో ఏట చలికాలంలో గొంతునొప్పి వచ్చింది. అమ్మ ఉప్పునీళ్ళు పుక్కిలించమంది, పసుపు పాలిచ్చింది, జ్వరం మాత్రలు వేసింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఏ మందు రాస్తాడో తెలుసు కాబట్టి తీసుకెళ్ళలేదు. గొంతు తగ్గిపోయింది. తగ్గిన కొద్దివారాలకి వాడి మోకాలు ఎర్రగా వాచింది. ఎక్కడో పడి ఉంటాడని నాన్న అన్నారు. మోకాలు తగ్గింది, రెండోరోజు చీలమండ వాచింది. అది చూసినప్పుడు అమ్మ పొయ్యి మీద పాలు మరిచిపోయింది. ఒక కీలు తగ్గి ఇంకో కీలు వాచడమంటే ఏమిటో ఆమెకి తెలుసు. అలాంటి పిల్లల మంచాల పక్కన ఆమె ఎన్నిసార్లో నిలబడింది. మణికట్టు వాచేదాకా ఆగలేదు. వాడిని భుజాన వేసుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆటో ఎక్కింది.

పిల్లల డాక్టరు ఒక పంజాబీ పెద్దాయన, అమ్మకి బాగా తెలిసినవాడు. తమ్ముడి ఛాతీ మీద చాలాసేపు స్టెతస్కోపు పెట్టి విన్నాడు. గొంతుకి వచ్చిన జబ్బు కీళ్ళమీదుగా గుండెకి తగిలిందని, ఒక కవాటం దగ్గర చిన్న శబ్దం ఉందని చెప్పాడు. ఇంకోసారి గొంతు చెడితే ఆ శబ్దం పెద్దదవుతుంది. చెడకుండా ఉండాలంటే మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్, చాలా ఏళ్ళు. "సిస్టర్, ఆప్ తో సబ్ జాన్‌తీ హైఁ" అన్నాడు, మీకు చెప్పేదేముందని. అమ్మ వద్దంది. ముందు చర్మం కింద చుక్కంత వేసి పరీక్ష చేద్దాం, పడితేనే ఇద్దామన్నాడాయన. ఆ మాటకి అమ్మ ఇంట్లో చెప్పినట్టు తెలుగులోనే చెప్పేసింది. "మా నాన్న పోయాడండి దాంతో. నేను పోయేదాన్ని. ఇంక వీడి మీద కూడా చేసి చూడమంటారా?" ఆయనకి తెలుగు రాదు. అయినా అర్థమైంది. కాసేపు పెన్ను తిప్పి, వేరే రకం మాత్రలు రాశాడు. పొద్దునొకటి, సాయంత్రమొకటి, ఒక్కటి కూడా తప్పకూడదని రెండుసార్లు చెప్పాడు.

నిజం చెప్పాలంటే వాడికి పడనివి ఆ మాత్రలే. మింగిన కాసేపటికి కడుపులో మంట, నోట్లో నీళ్ళూరడం, కొన్నిసార్లు వాంతి. అన్నం తిన్నాక వేస్తే అన్నంతో సహా పోయేది, ఖాళీ కడుపున వేస్తే మెలికలు తిరిగేవాడు. అమ్మ డ్యూటీలో ఉన్న పూటల్లో నాన్న వేసేవారు. వాడు ఏడిస్తే ఆయన చూడలేక, మజ్జిగ తాగాక వేసుకుందువులే అనేవారు. ఆ తరవాత వేసుకోవడం అప్పుడప్పుడూ సాయంత్రానికి మారేది, సాయంత్రానిది రేపటికి మారేది. పరుగు మాన్పించారు. నాన్న స్కూల్లో ఆటల రోజున వాడు జెండాలు పట్టుకుని గీత చివర నిలబడ్డాడు. అలా ఒక ఏడాది పైగా గడిచింది. ఏమీ కాలేదు కాబట్టి ఏమీ కాదనుకున్నాం.

తరవాతి చలికాలంలో మళ్ళీ గొంతు వాచింది. ఈసారి కీళ్ళు అంతగా వాచలేదు. ఒకరోజు స్కూలు నుంచి వచ్చి మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయాడు. నేను వాడి వెనకే ఉన్నాను. "పద" అంటే, "రుక్ నా, అక్కా" అన్నాడు, ఆగమని. బ్యాగు తగిలించుకున్న భుజాలు ఎగిసి పడుతున్నాయి. ఆటలాడుతున్నాడనుకుని నేను పక్కనుంచి పైకి వెళ్ళి, తలుపు తీసి, అమ్మతో వాడు మెట్లమీద కూర్చున్నాడని చెప్పాను. అమ్మ మెట్లు దిగిన తీరు చూసి నాకప్పుడు భయమేసింది.

ఆసుపత్రిలో చేర్చారు. కవాటం దగ్గర లీకు ముందు కంటే పెరిగిందని పంజాబీ డాక్టరు చెప్పాడు. ఆయన ఎవరినీ తప్పు పట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. ఇంకోసారి ఇలా వస్తే నేనేమీ చెప్పలేను అని మాత్రం అన్నాడు. అమ్మ వరండాలో గోడకి ఆనుకుని నిలబడింది. అప్పుడు నాన్న మాట్లాడారు. ఆయన అంత సేపు మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

"నీకు పడదు. సరే, పడదు. వాడు నువ్వు కాదు కదా."

"నా రక్తం కాదా అండీ వాడు? మా నాన్నకి పడలేదు, నాకు పడలేదు..."

"మీ నాన్నకి ఏ సూదేశారో నీకు తెలుసా?"

అమ్మకి తెలియదు. ఎవరికీ తెలియదు. అది పెన్సిలినే అని అమ్మ పడిపోయిన రోజు తరవాత మా ఇంట్లో దానంతటదే స్థిరపడింది. అంతకు ముందు దానికి పేరు లేదు.

"వాడిని మెట్టు మీద కూర్చోబెట్టింది ఆ మందు కాదు" అన్నారు నాన్న. "ఆ మందు లేకపోవడం." అని, తనే ఎక్కువ మాట్లాడేశానన్నట్టు తల తిప్పుకుని, జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నారు.

అమ్మ గోడ దగ్గరనుంచి కదిలి, "పరీక్ష చేయమనండి" అంది. "కానీ తెలియనివాళ్ళు వద్దు. కింది సిస్టర్ వేస్తే వేయమనండి."

కింది సిస్టర్ అంటే మలయాళీ ఆంటీ. అమ్మ పడిపోయిన రోజు నుంచి ఆవిడ మా ఇంటికి రావడం తగ్గించింది. పండక్కి అప్పాలు చేస్తే వాళ్ళ పెద్దమ్మాయి చేతికిచ్చి పంపేది. అమ్మ కోపంగా ఉందని ఆవిడ అనుకుంది, ఆవిడకి ముఖం చెల్లలేదని అమ్మ అనుకుంది. ఇద్దరి మధ్యా గొడవేమీ లేకుండానే అంతకాలం గడిచిపోయింది. ఇప్పుడు అమ్మే వెళ్ళి అడిగేసరికి ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "మేరే హాథ్ సే? ఫిర్ సే?" అంది. మళ్ళీ నా చేత్తోనా అని. వాళ్ళిద్దరికీ కలిసిన భాష హిందీయే. ఒకరిది తెలుగు హిందీ, ఇంకొకరిది మలయాళపు హిందీ. "తుమ్హారే హీ హాథ్ సే" అంది అమ్మ, నీ చేత్తోనే అని. "ఆ రోజు నన్ను కింద పడకుండా పట్టుకున్నది నువ్వే కదా." ఇది కూడా హిందీలోనే అంది. ఆవిడ ముక్కు చీదుకుని, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

పగటిపూటే, వార్డులోనే చేశారు. డాక్టరు మంచం పక్కన నిలబడ్డాడు, విరుగుడు మందు సిరంజిలో నింపి ట్రేలో పెట్టించాడు. అమ్మ లోపల ఉండటానికి వీల్లేదు. ఆ సీసా విప్పిన గదిలో ఉంటే ఆమెకి దగ్గు పట్టుకుంటుంది. వందలమంది పిల్లలకి సూది వేసిన మనిషి సొంత కొడుకు సూది వేళకి తలుపు అవతల బల్ల మీద కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కాసేపటికొకసారి లోపలికి తోసేది. "వెళ్ళి చూడవే, ఎర్రబడిందేమో." నేను వెళ్ళి చూసేదాన్ని. తమ్ముడి ముంజేతి మీద దోమ కుట్టినంత పొక్కు, దాని చుట్టూ బాల్‌పెన్నుతో గీసిన సున్నా. ఆంటీ కుర్చీలో ముందుకి వంగి ఆ సున్నానే చూస్తోంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. తమ్ముడు మాత్రం పక్క మంచం మీది పిల్లాడి బొమ్మ కారు వైపు చూస్తున్నాడు. "ఏం లేదమ్మా" అని బయటికొచ్చి చెప్తే, "సరిగ్గా చూశావా? పెదాలు? చెవులు?" అని మళ్ళీ పంపేది. చివరికి నా చూపు మీద నమ్మకం చాలక చీర కొంగు ముక్కుకి, నోటికి చుట్టుకుని తనే లోపలికి వచ్చేసింది. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని కిటికీ వెలుగు వైపు తిప్పింది. సున్నా లోపల చర్మం సున్నా బయటి చర్మంలాగే ఉంది. వేలితో తడిమింది. నొక్కింది. వాడి పెదవి కిందికి లాగి చూసింది.

"నొప్పెడుతోందిరా?"

"నువ్వు నొక్కితే నొప్పెడుతోంది" అన్నాడు వాడు.

ఆ తరవాత అసలు ఇంజెక్షన్ వేశారు. అది మామూలు సూది కాదు, మందు చిక్కగా ఉంటుంది, తుంటిలో రాయి దిగినట్టుంటుందని వాడు తరవాత చాలాసార్లు వర్ణించాడు. వాడి అరుపుకి వార్డులో పిల్లలందరూ లేచి కూర్చున్నారు. అప్పటికి మళ్ళీ బయటికి వచ్చేసిన అమ్మ తలుపు అవతలినుంచే ఆ అరుపు వింది. అంత గట్టిగా అరుస్తున్నాడంటే ఊపిరి బాగానే ఆడుతోందని ఆమెకి అర్థమై ఉంటుంది. బల్ల మీద వెనక్కి జారగిలబడి కళ్ళు మూసుకుంది. ఆమె ప్రార్థన చేస్తోందనుకుని నేను కదలకుండా కూర్చున్నాను. కాసేపటికి కళ్ళు తెరిచి, "ఆకలేస్తోంది, బయట బ్రెడ్ పకోడీ ఉంటుందేమో చూడు" అంది. ఆంటీ బయటికి వచ్చాక ముగ్గురం ఆసుపత్రి గేటు పక్కన నిలబడి, పచ్చిమిరపకాయలు కొరుక్కుంటూ, కాగితం నూనెతో తడిసిపోయేదాకా తిన్నాం. వాళ్ళిద్దరూ ఆ రోజు దేని గురించి మాట్లాడుకున్నారంటే క్వార్టర్లలో నీళ్ళు సరిగ్గా రావడం లేదని.

తమ్ముడికి ఏమీ కాలేదు. రెండో ఇంజెక్షన్‌కి ఏమీ కాలేదు, మూడోదానికీ కాలేదు. అప్పుడు ఒకరోజు అమ్మ డాక్టరుని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. వాడికి రానిది మరి నాకెందుకు వచ్చింది? ఆయన అమ్మ చేతులవైపు చూపించాడు. ఇన్నేళ్ళు ఆ మందు ఈ చేతులమీద పడుతూనే ఉంది సిస్టర్, మీకది ఎవరి దగ్గరినుంచీ రాలేదు, ఇక్కడే వచ్చింది అన్నాడు. ఒంట్లో ఏదో ఒకటి పడకపోయే గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకి రావచ్చు. తుమ్ములు, దురదలు, ఆయాసం అలా వస్తుంటాయి. కానీ తల్లికి పడని మందే బిడ్డకీ పడదని చెప్పడానికి లేదు. ఇంటిపేరులాగా దిగి రాదది. అమ్మ తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. "అయితే మా నాన్నది?" అని అడిగింది. "వో అబ్ కౌన్ బతాయేగా?" అన్నాడాయన. అది ఇప్పుడెవరు చెప్తారు? అమ్మమ్మకి ఈ సంగతి ఉత్తరంలో రాస్తే ఆమె ఒప్పుకోలేదు. మా తమ్ముడికి పడిందంటే వాడు నాన్న పోలిక అయి ఉంటాడని తిరుగు జవాబు రాయించింది.

నాన్న పోలిక మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. మా ఇంట్లో నిజంగా ఒకరినుంచి ఒకరికి దిగి వచ్చింది ఒకటుంది, దానిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నాన్నకి పొద్దున్నే తుమ్ములు. ఒకటి కాదు, వరసగా, ఊపిరి తీసుకోవడానికి కూడా సందు లేకుండా. మార్చి, ఏప్రిల్ నెలల్లో చెట్ల పూతలు రాలి గాలిలో ఎగిరే రోజుల్లో, మైదానంలో వరసకట్టిన పిల్లల ముందు నిలబడి ఈల నోట్లో పెట్టుకుంటే, ఈల మోగకుండా తుమ్ము మోగేదట. పిల్లలు దాన్నే హుకుం అనుకుని కవాతు మొదలుపెట్టేవారని ఆయనే నవ్వుతూ చెప్పేవారు. ఆయన రెండు వేళ్ళతో ముక్కు మొదలు పట్టుకుని పైకి చూస్తూ తుమ్ముని ఆపడానికి ప్రయత్నించేవారు. ఇందిరాపురంలో పదో అంతస్తులో నేను పొద్దున్నే చేసేది అచ్చంగా అదే. మా మేనకోడలు కూడా అంతే. కానీ తుమ్ములతో ఎవరూ చచ్చిపోలేదు, ఎవరూ పడిపోలేదు. కాబట్టి అది వంశం దాకా ఎక్కలేదు, ఉత్తరాల్లో రాసేంత సంగతి కాలేదు. నాన్నకి మాత్రం నన్ను చూస్తే కొంచెం మొహమాటంగా ఉండేది. నేను తుమ్మినప్పుడల్లా "నావల్లేనమ్మా" అనేవారు.

ఇంజెక్షన్లు ఏళ్ళ తరబడి సాగాయి. ఆంటీ వేసేది, అమ్మ పక్క గదిలో నిలబడి "అయిందా?" అని అరిచేది. ఆంటీ పదవీ విరమణ తరవాత వాళ్ళ ఊరు వెళ్ళిపోయే ముందు, ఇంకో నర్సుని వెంటబెట్టుకుని వచ్చి, ఈ అబ్బాయికి కుడి తుంటికే వెయ్యి, ఎడమవైపు వేస్తే రెండ్రోజులు కుంటుతాడని అప్పగింతలు పెట్టింది. తమ్ముడు మళ్ళీ పరుగు పందాల్లోకి వెళ్ళలేదు గాని కాలేజీలో క్రికెట్ ఆడాడు. ఉద్యోగం వచ్చింది. ఊరికి వెళ్ళాలంటే రైలు టికెట్లు ఇంజెక్షన్ వారం చూసుకునే తీసుకునేవాళ్ళం. వాడి పెళ్ళికి తేదీ కుదిర్చేటప్పుడు పాస్టరు గారు రెండు శనివారాలు చెప్తే, అమ్మ గోడమీద కేలండరు చూసి ఒకటి కొట్టేసింది. పెళ్ళికొడుకు కుంటుతూ నడవకూడదు కదా. ఇంజెక్షన్ రోజున అమ్మ సెలవు పెట్టుకుని గోంగూర మాంసం వండేది. అది ఎప్పుడు మొదలైందో గుర్తులేదు, మొదట్లో వాడిని బుజ్జగించడానికి అయి ఉంటుంది. పెళ్ళయ్యాక వాడు వేరే చోట కాపురం పెట్టినా ఆ రోజు ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి తిని వెళ్ళేవాడు. నేనూ వచ్చేదాన్ని. నాన్న భోజనం అయ్యాక వాడి తుంటి మీద వేడినీళ్ళ సంచి పెట్టి, పక్కన కూర్చునేవారు.

వాడి పెళ్ళయిన కొన్నాళ్ళకి గుండె డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, లీకు దాదాపు కనిపించడం లేదని, ఇక ఇంజెక్షన్లు అక్కర్లేదని చెప్పాడు. వాడు ఫోన్లో చెప్తే అమ్మ "అచ్ఛా" అంది. అంతే అంది. మేమందరం ఆమె సంతోషంతో ఏడుస్తుందనుకున్నాం. ఇంకో మూడు వారాలకి, ఒక శనివారం మధ్యాహ్నం, తమ్ముడికి ఫోన్ చేసి, "ఇంకా రాలేదేంట్రా, కూర చల్లారిపోతోంది" అంది. వాడు ఇంజెక్షన్ లేదు కదమ్మా అనబోయి, ఆగి, పెళ్ళాన్ని స్కూటరెక్కించుకుని వచ్చేశాడు. నాకూ కబురు పెట్టాడు. అందరం తిన్నాం. సూది మాట ఎవరూ ఎత్తలేదు. ఆ తరవాతి మూడు వారాలకి కూడా వచ్చాడు. ఆ పైసారి వాడికి ఆఫీసు పని పడింది, ఇంకోసారి నా పిల్లలకి పరీక్షలు. అమ్మ ఇంకొన్నాళ్ళు ఫోన్ చేసింది, తరవాత చేయడం మానేసింది. మానేసిందని కూడా మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ఆమె లేదు, నాన్న లేరు, ఆ క్వార్టర్లు కూలగొట్టి ఆకాశాన్నంటే మేడలు కట్టారు. అంతవరకు మూడేసి వారాలుగా కోసుకుని వాడుకున్న కాలం, ఆ కొలత అక్కర్లేదనగానే ఏళ్ళకేళ్ళు ఒక్కసారిగా జారిపోయింది. ఏది ఎప్పుడు జారిందో చెప్పమంటే మాలో ఎవరమూ చెప్పలేం.